ముందు, పని, తర్వాత

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మేడం చివరిసారి చేసిన ఫోన్ నేను ఎత్తాను.

ఎత్తలేదని మేడం ఇంటి ఓనరామెకు చెప్పాను. చెప్పాను అనడం కూడా సరికాదు. ఆమె అడిగితే తల అడ్డంగా ఊపాను. జగిత్యాలలో మేడం అద్దెకున్న ఇంటి మెట్ల కింద, అందరూ విప్పిన చెప్పుల మధ్య నిలబడి ఉన్నాను. ఓనరామె మేడం ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చింది.

"ఐతారం నాడు ఆఖరుకు నీకే చేసినట్టుంది బిడ్డా. మాట్లాడినవా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె "అయ్యో" అని ఫోన్‌ను కొంగులో చుట్టుకుని లోపలికి పోయింది. సాయంత్రం మా కాలేజీ వాళ్ల గ్రూపులో ఎవరో అదే అడిగితే, చూసుకోలేదని రాశాను. డైరీలో కూడా రెండు రోజులు ఆ మాటే రాశాను. ఏడో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను గానీ అందులో అబద్ధం రాయడం అదే మొదటిసారి.

ఆ ఫోన్‌లో మేడం ఏమన్నారో చివర రాస్తాను. ముందు ఆమె ఎలాంటి మనిషో రాయాలి. ఎలాంటి మనిషి అనే మాటనే ఆమె ఒప్పుకునేవారు కాదు. అందుకని ఏం చేసేవారో రాస్తాను.

మేడం మాకు బీఎడ్‌లో మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. పుస్తకంలో ఉన్న పాఠాలన్నీ పరీక్ష కోసం చెప్పేవారు, కుర్చీలో కూర్చునే. ప్రవర్తన గురించిన పాఠం వచ్చినప్పుడు మాత్రం లేచి నిలబడేవారు. ఎవరైనా ఒక మనిషిని ఒక్క మాటలో తేల్చేస్తే ఆమె కళ్లద్దాలు తీసేవారు. కొంగుతో రెండు అద్దాలూ నిదానంగా తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఆ మాట అన్నవాళ్ల వైపు కళ్లు చికిలించి చూసేవారు.

"కనబడ్తలేదు" అనేవారు.

పెగడపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకతను మొదటి వారంలోనే దొరికిపోయాడు.

"మా మామ ఒట్టి పిసినారి మేడం."

అద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. "పిసినారి నాకు కనబడ్తలేదు. ఏం జేసిండు?"

"పెండ్లికి పిలిచి పెరుగు పొయ్యలేదు మేడం."

"ఎవలకు పొయ్యలే?"

"మా బంతికి."

"మొదటి బంతికి పోసిండా?"

"పోసిండట."

"నువ్వు ఎన్నో బంతి?"

"ఐదో బంతి" అన్నాడు.

"గిప్పుడు కనబడ్డది. పెరుగు అయిపోయింది. మీ మామ పిసినారి కాదు, నువ్వు లేటు."

ఆ రోజు నుంచి హాస్టల్లో పప్పు పలుచగా ఉంటే మా వాళ్లు గిన్నె మీదికి వంగి, లేని కళ్లద్దాలు చున్నీతో తుడుచుకుని, "పప్పు కనబడ్తలేదు" అనేవాళ్లు. మేడంకు ఆ సంగతి తెలుసు. ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూసి, "తుడుసుడు సరిగ లేదు, రెండు దిక్కుల తుడువాలె" అని వెళ్లిపోయారు.

నవ్వులయ్యాక బోర్డు మీద రెండు నిలువు గీతలు గీసేవారు. మూడు గడులయ్యేవి. మొదటి గడి మీద 'ముందు', నడిమి గడి మీద 'పని', చివరి గడి మీద 'తర్వాత' అని రాసేవారు. ఒక పనికి ముందు ఏం జరిగింది, ఆ మనిషి ఏం చేశాడు, చేశాక అతనికి ఏం దొరికింది. దొరికింది బాగుంటే ఆ పని మళ్లీ చేస్తాడు. దెబ్బ తగిలితే మానుకుంటాడు. ఏమీ దొరక్కపోతే కొన్నాళ్లు చేసి చేసి మెల్లగా ఆపేస్తాడు. ఇలా కొన్నేళ్లు గడిచాక మిగిలిన అలవాట్ల కట్టనే మనం వ్యక్తిత్వం అంటామని చెప్పేవారు.

"మనోళ్లు నడిమి గడి ఒక్కటే చూసి పేరు పెడ్తరు" అనేవారు. "పెట్టిన పేరునే మళ్ల కారణం అంటరు. ఎందుకు కొట్టిండయ్యా అంటే, కోపిష్టి కాబట్టి. కోపిష్టి అని ఎట్ల తెల్సు అంటే, కొట్టిండు కాబట్టి. గిదేం జవాబు? పోయిన కాడికే మళ్లొచ్చుడు."

నేను నాలుగో వరుసలో కిటికీ పక్కన కూర్చునేదాన్ని. హాజరు పిలిస్తే నోటితో పలికేదాన్ని కాదు, చెయ్యి ఎత్తేదాన్ని. వేరే లెక్చరర్లు రెండుసార్లు పిలిచి, విసుగొచ్చి, 'నోట్లో ఏం పెట్టుకున్నవమ్మా' అనేవాళ్లు. మేడం పిలిచినప్పుడు కూడా చెయ్యే ఎత్తాను. నా పక్కనున్న అమ్మాయి నాకు సాయం చేద్దామనుకుంది.

"దానికి సిగ్గు మేడం. మాట్లాడది."

మేడం అద్దాలు తుడిచారు. "సిగ్గు నాకు కనబడ్తలేదు. చెయ్యి కనబడ్డది. హాజరు ఏసిన."

క్లాసు నవ్వింది గానీ ఆ నవ్వు నా మీద కాదు. నాకు అది కొత్త. గంట కొట్టాక మేడం నన్ను వరండాలో ఆపారు.

"ఏ ఊరు?"

"సిరిసిల్ల."

"సాంచాల ఇల్లా?"

తల ఊపాను. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎనిమిది నడిచేవి. బాపు, ఇంకో ఇద్దరు వాటిని నడిపేవాళ్లు. అమ్మ ఆ షెడ్డులోనే ఒక మూల కూర్చుని కండెలకు దారం చుట్టేది. నేను అమ్మ పక్కన పుస్తకాలు పెట్టుకునేదాన్ని.

"డైరీ రాస్తవట గదా. అండ్ల ఏం రాస్తవ్?"

ఎవరు చెప్పారో తెలియదు. "నాకు ఎట్ల అనిపించిందో అది" అన్నాను. రెండుసార్లు అనాల్సి వచ్చింది, మొదటిసారి ఆమెకు వినపడలేదు.

"మంచిదే. అనిపించుడు గూడ ఒక పనే, లోపట చేసే పని. కొట్టెయ్యకు. కని దాని ముందటేమైందో, తర్వాతేమైందో గూడ రాయి. నువ్వు నోరు మూసుకున్న మొదటి దినం యాదికుందా? గది రాసుకొని ఐతారం మా ఇంటికి రా. ఐదింటికి."

యాదికుంది. అంతకు ముందు ఎప్పుడూ దాన్ని కాగితం మీద పెట్టలేదు.

సాంచాలు నడుస్తున్నప్పుడు మాటలు పనికిరావు. షెడ్డులో అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. ఛాయ్ కావాలంటే బొటనవేలు పెదవికి ఆనించాలి. ఎవరినైనా పిలవాలంటే నడిచి వెళ్లి భుజం తట్టాలి. గొంతెత్తి అరవడం మాత్రం ఒక్కదానికే. ఎవరి చెయ్యో మోటారు పట్టాలో పడితే అరుస్తారు. అరుపు వినపడగానే ఎవరు దగ్గరుంటే వాళ్లు కరెంటు ఆపేస్తారు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ తెలుసు. ఏడేళ్ల నాకు తెలియలేదు.

ఆ మధ్యాహ్నం నా ముందు పన్ను ఊడింది. అరచేతిలో పెట్టుకుని బాపుకు చూపిద్దామని షెడ్డు గడపలో నిలబడి "బాపూ" అన్నాను. వినపడలేదు. మళ్లీ అన్నాను. ఉన్న గొంతంతా పెట్టి మూడోసారి అరిచాను. నా నోట్లో నెత్తురు ఉంది.

కరెంటు ఆగిపోయింది. ఎనిమిది సాంచాలు ఒక్కసారి ఆగితే వచ్చే నిశ్శబ్దం అంతకు ముందు నేను వినలేదు. అమ్మ కండెలు తన్నుకుంటూ పరిగెత్తుకొచ్చింది. పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చారు. అందరూ నా చేతులే చూస్తున్నారు. నేను అరచెయ్యి తెరిచాను. పన్ను.

బాపు నన్ను ఎప్పుడూ కొట్టలేదు, అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ. ఆ రోజు కొట్టాడు. కొట్టి, నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూశాడు. "గట్ల ఒర్రకు. మళ్ల గట్ల ఒర్రకు" అన్నాడు.

ఇదంతా మూడు గడుల్లో రాసి ఆదివారం మేడం ఇంటికి వెళ్లాను. ఆమెవి పైఅంతస్తులో రెండు గదులు. మెట్లు ఎక్కగానే సన్నటి వరండా. అందులో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వీధి వైపు తిప్పి వేసి ఉన్నాయి. మేడం కాగితం రెండుసార్లు చదివారు. అద్దాలు తీసి తుడిచారు.

"సిగ్గు ఎక్కడున్నది దీంట్ల? నాకు కనబడ్తలేదు."

కాగితం మీద వేలు పెట్టి చెప్పారు.

"ఏడేండ్ల పిల్ల పిలిచింది. ఎవలూ చూడలే. గట్టిగ పిలిచింది. చూసిండ్రు, కొట్టిండ్రు. గా పిల్ల ఇగ పిలుస్తదా?"

"మా అన్న కూడా అదే ఇంట్ల పెరిగిండు మేడం. వాడు బాగ మాట్లాడతడు."

నేను అంత పెద్ద వాక్యం ఎవరితోనైనా అని ఎన్నాళ్లయిందో. అప్పుడు జరిగింది నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మేడం కుర్చీలో మెడ తిప్పలేదు. కుర్చీతో సహా తిరిగారు. కుర్చీ కాళ్లు నేల మీద గీరుకుని కీచుమన్నాయి. వీధి పూర్తిగా వదిలేసి నాకు ఎదురుగా కూర్చున్నారు.

"మీ అన్న మొదట ఒర్రినప్పుడు ఏమైంది?"

ఆలోచించాను. అన్న బజార్లో ఆడుతూ అరిచేవాడు. బజార్లో సాంచాలు లేవు. వాడు అరిస్తే నలుగురు పిల్లలు వచ్చేవాళ్లు.

"సూసినవా. ఇల్లు ఒక్కటే, గడులు వేరే" అన్నారు మేడం.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. ప్రతివారం నాకు ఒక చిన్న పని పెట్టేవారు. అవి మూడు గడుల్లో రాయడానికి ఒక నోట్‌బుక్ కొన్నాను. బస్సులో కండక్టరుకు ఊరి పేరు నోటితో చెప్పాలి, వేలు చూపించకూడదు. మందుల షాపులో జెలుసిల్ అడగాలి. ఒకసారి షాపు ముందు దాకా పోయి, అక్కడ ముగ్గురు మగవాళ్లు ఉంటే కాసేపు నిలబడి తిరిగి వచ్చేశాను. సిగ్గుతో ఆ వారం నోట్‌బుక్ తెరవలేదు.

"షాపు దాక పోయినవా?" అన్నారు మేడం.

"పోయిన. అడగలే."

"పోయినవ్ గదా. గదొక పని. రాసుకో."

"అడగకుండా వచ్చినది కూడా రాయాల్నా?"

"గది నువ్వెట్లాగూ రాస్తవ్. పోయినది రాయవ్."

ఆమె ఎప్పుడూ శభాష్ అనలేదు. చాక్లెట్ ఇస్తే కుక్కపిల్లకు నేర్పినట్టుంటది అనేవారు. నాకు దొరికేదల్లా ఆ కుర్చీ చప్పుడు. నేను వినపడేలా ఒక మాట అంటే కుర్చీ నా వైపు తిరిగేది. గొణిగితే వీధి వైపే ఉండేది. అది ఆమె కావాలని చేస్తున్నారని నాకు రెండు నెలలకు తెలిసింది. తెలిసినా ఆ చప్పుడు కోసమే గొంతు పెంచేదాన్ని.

ఒక ఆదివారం ధైర్యం చేసి అడిగాను. "మరి నేను అంటే ఏంది మేడం? చేసే పనులేనా? లోపల ఎవరూ లేరా?"

కుర్చీ తిరిగింది. మేడం ఛాయ్ గ్లాసు కింద పెట్టారు.

"నీ లోపట ఇంకో పిల్ల కూసోని నిన్ను నడిపిస్తలేదు బిడ్డా. నడుస్తున్నది నువ్వే. చిన్నప్పుడు అందరు అడుగుతరు. ఆకలైతుందా, ఎక్కడ నొస్తుంది, ఎందుకేడుస్తున్నవ్ అని. ఎవలో అడుగుతనే మనం మన దిక్కు చూసుకునుడు నేర్సుకుంటం. జవాబులు చెప్పంగ చెప్పంగ గది 'నేను' అయితది."

"అడిగేవాళ్లు లేకపోతే?"

ఆ ప్రశ్న నేను నా గురించే అడిగాను. మేడం కుర్చీని మళ్లీ వీధి వైపు తిప్పుకున్నారు.

కింద ఎవరిదో స్కూటీ స్టార్ట్ కాక మొరాయిస్తోంది. దాన్ని చూస్తూ చెప్పారు. "నేను మూడు చదువుతున్నప్పుడు మా సారు లెవ్వుమంటే లెవ్వలే. ఎల్లంతకుంట కాడ మా ఊరి బడి. మాది కూలికి పోయే ఇల్లు. సారు మూడుసార్లు లెవ్వన్నడు. నేను లెవ్వలే. 'మొండిది, వీళ్ల వాళ్లంత గింతే' అన్నడు. బడి ఇడిసేదాక నా పేరు మొండిదే."

"ఎందుకు లేవలేదు మేడం?"

"లంగ ఎనక చినిగింది."

స్కూటీ స్టార్ట్ అయి వెళ్లిపోయింది. "ముందటేమైందని ఆయన అడగలే" అన్నారు.

ఆ వారం నుంచి నేను నోట్‌బుక్ వెనక పేజీల్లో ఇంకో లెక్క మొదలుపెట్టాను. అది మేడం గురించి. ఆమె నేర్పినట్టే, పేర్లు పెట్టకుండా రాశాను. ముందు: ఓనరామె పిల్లల అడుగులు మెట్ల మీద వినపడ్డాయి. పని: వాళ్లు తట్టకముందే మేడం తలుపు తీశారు. తర్వాత: పిల్లలు బట్టలు తీయడానికి నేరుగా డాబా మీదికి వెళ్లారు. ఇంకోటి. ముందు: నేను చెప్పులు వేసుకున్నాను. పని: మేడం ద్వారబంధం పట్టుకుని కొత్త ప్రశ్న ఒకటి అడిగారు. తర్వాత: నేను ఇంకో పది నిమిషాలు ఉన్నాను. ఇది ప్రతివారం ఉంది. పండుగ మర్నాడు వెళితే ఆమె ఇంట్లో పండుగ చేసుకున్న గుర్తు ఏదీ లేదు, నా కోసం కొన్న బాదుషా పొట్లం తప్ప.

ఈ గడులకు ఒక పేరు ఉంది. నేను రాయలేదు. ఆమెను అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటి ఉంది. మీరు ఎట్లున్నారు మేడం, మిమ్మల్ని ఎవరు అడుగుతరు. దాన్ని డైరీలో ఎన్నోసార్లు రాశాను. మెట్లు ఎక్కేటప్పుడు పెదవులతో అనుకునేదాన్ని. వరండాలోకి వెళ్లాక ఆ వారం నా పనులే చెప్పేదాన్ని.

బీఎడ్ అయ్యాక కోరుట్లలో ఒక స్కూల్లో డెమో క్లాసుకు పిలిచారు. నాలుగో తరగతి. నీటి చక్రం పాఠం. నేను మూడు రోజులు గదిలో గోడకు చెప్పి చూసుకున్నాను. క్లాసులోకి వెళ్లి బోర్డు మీద సూర్యుణ్ణి, మబ్బును, చెరువును గీశాను. బాగా వచ్చాయి. వెనక్కి తిరిగాను. నలభై ముఖాలు నా చేతుల వైపు చూస్తున్నాయి. గొంతు రాలేదు. ఒక పిల్లవాడు "టీచర్, వినబడ్తలేదు" అన్నాడు. నేనింకా ఏమీ అనలేదు.

ప్రిన్సిపాల్ మంచాయనే. "చేతిరాత చక్కగా ఉందమ్మా. కొన్నాళ్లు ఆఫీసులో చేయండి" అన్నాడు. నా పని ప్రోగ్రెస్ కార్డులు రాయడం. మార్కుల కింద 'స్వభావం' అని ఒక గడి ఉంటుంది. క్లాసు టీచర్లు ఒక కాగితం మీద పేరుకు ఎదురుగా ఒక్కో మాట రాసి పంపేవాళ్లు. శాంతం. అల్లరి. మొండి. బిడియం. ఆ పిల్లలెవరో నాకు తెలియదు. గుండ్రటి అక్షరాలతో ఆ మాటలన్నీ కార్డుల మీదికి ఎక్కించేదాన్ని.

డెమో రోజు సాయంత్రం మేడం మెసేజ్ పెట్టారు. క్లాసు ఎట్లయిందని. మెసేజ్‌కు గొంతు అక్కర్లేదు కదా. 'బాగయింది మేడం, నాలుగో తరగతి ఇచ్చారు' అని రాశాను.

'రాసుకో. ఐతారం వచ్చి చదివి వినిపియ్యి' అని జవాబు వచ్చింది.

ఏం చదివి వినిపించను? మొదటి ఆదివారం జ్వరం అని రాశాను. రెండో ఆదివారం స్కూల్లో పని అన్నాను. మూడో ఆదివారం ఏమీ రాయలేదు. కోరుట్ల నుంచి జగిత్యాలకు బస్సులో ఎంతో దూరం కాదు. ఆ తర్వాత ఆదివారం ఐదింటికి ఫోన్ మోగడం మొదలైంది. మంచం మీద బోర్లా పెట్టి, ఆగేదాకా చూస్తూ ఉండేదాన్ని. నేను సిగ్గుదాన్ని కాదని ఆమె నమ్మారు. నేను వెళ్లి నిజం చెబితే, ఆ నమ్మకం తప్పని ఆమెకు తెలిసిపోతుంది. నాకు అదే భయం. నాలుగు నెలలు అలా గడిచాయి.

ఆ చివరి ఫోన్ వచ్చిన వారంలోనే, గురువారం మధ్యాహ్నం కాలేజీ గ్రూపులో చూశాను. మేడం పోయారట. గుండె ఆగిపోయిందట, నిద్రలోనే. మర్నాడు పొద్దున మొదటి బస్సుకు వెళ్లాను.

చెప్పుల మధ్య నిలబడి తల అడ్డంగా ఊపింది అప్పుడే. ఓనరామె లోపలికి పోయి కాసేపటికి మళ్లీ బయటికి వచ్చి, పక్కింటామెతో మెల్లగా అంటోంది. "మంచి మనిషే. కని జర మొండిది."

నా గొంతు నాకే తెలియకుండా వచ్చింది. "మొండిది అంటే... ఏం చేశారు ఆంటీ?"

మెట్ల మీద ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. అంత గట్టిగా అన్నానని అప్పుడు తెలిసింది.

ఓనరామె ముందు గతుక్కుమంది. తర్వాత చెప్పింది. "ఏం జేసిందా? ఐతారం వచ్చిందంటె పొద్దుగూకంగ రెండు కుర్చీలు బయటేసుడు, ఒక్కతే కూసునుడు. వానకాలమాయె. జల్లు కొడ్తున్నది టీచరమ్మా, ఆ రెండోది లోపట పెట్టు అంటె ఇనకపోయేది. తడిసినా సరే, ఉండనియ్యి అనుడే. ఒక్కనాడు కాదు, నాలుగు నెలల సంది. మొన్నటి ఐతారం గూడ ఏసింది. గిది మొండి కాదా మరి?"

నేను పైకి వెళ్లి చూశాను. కుర్చీలు గోడకు ఆనించి ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉన్నాయి. ఎవరో వచ్చే జనం కోసం పక్కకు పెట్టినట్టున్నారు. నేల మీద కుర్చీ కాళ్లు గీరిన తెల్లటి చారలు రెండు చోట్ల ఉన్నాయి. ఫలితం దొరకని పని మెల్లగా ఆగిపోతుందని మాకు చెప్పింది ఆమే. ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాద్దామని కూర్చున్నాను. ముందు: ఆదివారం, ఐదు గంటలు. పని: రెండో కుర్చీ వేశారు. తర్వాత: ఆ గడిలో ఏం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక ఆ ఫోన్.

ఆ ఆదివారం కూడా ఐదింటికే మోగింది. బకెట్లో బట్టలు పిండుతున్నాను. తడి చేతులతోనే ఎత్తాను. ఎందుకు ఎత్తానో తెలియదు. అన్ని ఆదివారాలు ఎత్తకుండా ఉండి ఉండి అలసిపోయానేమో. చెవికి ఆనించుకున్నాను.

"హలో" అన్నారు మేడం. "బిడ్డా?"

నేను నోరు తెరిచాను. మీరు ఎట్లున్నారు మేడం అనే మాట నాలుక మీదే ఉంది. అంతకాలం రాసి రాసి అరిగిపోయిన మాట. అది బయటికి రాలేదు. వెనక ఎక్కడో వాన చప్పుడు, ఆమె వైపో నా వైపో. నా ఊపిరి ఫోన్‌లో నాకే వినపడుతోంది.

"ఉన్నవా?" అన్నారు. తర్వాత, "ఉన్నవ్. ఊపిరి ఇనబడ్తున్నది."

అప్పుడు వినపడింది. ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు నేల మీద గీరుకున్న చప్పుడు. నేను ఒక్క మాట అనలేదు. అయినా కుర్చీ తిరిగింది.

"క్లాసు చెప్తున్నవో లేదో నేనడుగుతలేను" అన్నారు. "చెప్పకున్నా రా. ఛాయ్ తాగి పో."

నేను గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను. చేతుల నుంచి నీళ్లు మోచేతుల దాకా కారుతున్నాయి. ఆమె చాలాసేపు ఎదురుచూశారు. నా మాట కోసం ఎవరైనా అంతసేపు ఎదురుచూడడం నాకు తెలియదు. తర్వాత, షాపు ముందు నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చిన రోజు మాట్లాడిన గొంతుతోనే అన్నారు.

"సరే, మాట్లాడకు. ఫోన్ ఎత్తినవ్ గదా. గదొక పని. రాసుకో."